మొదటి అక్షరం పోయిన పేర్లు

నిన్న సుల్తానాబాద్ నుంచి మా మేనమామ కొడుకు వచ్చి తన బిడ్డ పెళ్లి కార్డు ఇచ్చి వెళ్లాడు. మూలలకు రాసిన పసుపు ఇంకా ఆరలేదు, నా వేళ్లకు అంటుకుంది. వాళ్లింట్లో పెద్ద పిల్ల పెళ్లికి కార్డు నేనే చేశాను, అది ఎట్లా ఉండేదో చూద్దామని ఆ పసుపు చేతులతోనే కంప్యూటర్ ముందు కూర్చుని వెతికే చోట ఇంటిపేరు కొట్టాను. రెప్పపాటులో కార్డు వచ్చింది. దాని కిందనే నేను అడగని ఇంకొకటి కూడా వచ్చింది. అది ఆ మేనమామ భార్య, మా అత్తమ్మ దశదిన కర్మ కార్డు. పెళ్లీ చావూ ఒకదాని కింద ఒకటి, ఒకే సైజు అక్షరాల్లో, అసలేమీ తేడా లేనట్టు నిలబడ్డాయి. పసుపు వాసన ముక్కులో ఉండగానే నా వెనక ఎవరో వంగి "బంద్ చెయ్ బిడ్డా" అన్నట్టయింది. నేను వెనక్కి తిరగలేదు. ఆ గొంతు ఎవరిదో నాకు తెలుసు, ఆ మనిషి పోయి ఏళ్లు గడిచాయని కూడా తెలుసు.

ఎస్తేరు మేడం ఇప్పుడు కరీంనగర్‌లో ఎందరికి గుర్తున్నారో నాకు తెలియదు. మిషన్ కాంపౌండు వెనక గల్లీలో ఆమె టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం వల్ల కాలేజీలు మూతపడి పిల్లలంతా రోడ్ల మీద తిరుగుతుంటే, ఊరికే తిరిగే బదులు వేళ్లన్నా కదిలిస్తారని పాత టైపు మిషన్లు తెచ్చి పెట్టారట. నేను టైపు నేర్చుకోవడానికి చేరేనాటికి ఆమె జుట్టు చాలావరకు నెరిసిపోయింది. భర్త ఎప్పుడో పోయారు. అంచు లేని లేత రంగు చీరలు, మోచేతి దాకా జాకెట్టు, ఎప్పుడూ ఇస్త్రీ చెడని మనిషి. కోపం వస్తే అరిచేవారు కాదు, గొంతు ఇంకా తగ్గించేవారు. ఆ తగ్గించిన గొంతుకు మేమంతా ఎంత భయపడేవాళ్లమో చెప్పలేను.

మేడం దగ్గర చేరినవాళ్లకు మొదటి పాఠం గుడ్డితనం. మిషన్ అక్షరాల మీద రేకు డబ్బా బోర్లించి, దాని కింద చేతులు పెట్టి కొట్టమనేవారు. నేను మెడ వంచి సందులోంచి తొంగి చూస్తే వెనక నుంచి వచ్చి నా గడ్డం పట్టుకుని పైకి లేపేవారు. "కండ్లతోని దేవులాడకు బిడ్డా. ఏది ఏడున్నదో వేళ్లకు తెల్వాలె. దేవులాడేటోళ్లు జిందగీ అంత దేవులాడుతనే ఉంటరు" అనేవారు. దేవులాడడం అంటే మా వైపు వెతకడం. ఆమె నోట ఆ మాట ఒక జబ్బు పేరులా వినిపించేది. అప్పట్లో నాకు నవ్వొచ్చేది. ఇప్పుడు చీకట్లో కూడా నా వేళ్లు తప్పు అక్షరం మీద పడవు, ఆ నవ్వు మాత్రం ఎక్కడ పోయిందో తెలియదు.

తొంభైల్లో టైపు గిరాకీ తగ్గుతుంటే ఆమె ధైర్యం చేసి కంప్యూటర్ తెచ్చారు. గోడ మీద 'టైపు' అన్న అక్షరాలు చెరిపించి 'డీటీపీ' అని రాయించారు. కూతురు శాంత అప్పటికి డిగ్రీ చదువుతోంది. మిషన్‌తో ముందు స్నేహం చేసింది ఆ పిల్లేనట. తల్లి పక్కన ఇనుప కుర్చీ వేసుకుని బోర్డర్లూ పువ్వులూ అన్నీ తనే గీసేదట. శాంతకు పెళ్లి కుదిరింది, కార్డు కూడా తనే చేసుకుంది, కార్డులు పంచారు. పెళ్లి దగ్గర పడ్డాక మెదడువాపు జ్వరం వచ్చి ఆ పిల్ల చనిపోయింది. ఇదంతా టైపు నేర్చుకుని వెళ్లిపోయిన నేను మళ్లీ ఆపరేటరుగా చేరకముందే జరిగింది, ఊరందరికీ తెలిసిన సంగతే. చేరిన మొదటి రోజునే మేడం నాకు నా కుర్చీ చూపించి, పక్కనున్న ఇనుప కుర్చీ మీద చెయ్యి వేసి, "దీంట్ల కూసోకు. దీని మీద సంచులు గూడ పెట్టకు" అన్నారు. ఎందుకని అడిగే ధైర్యం నాకు లేదు.

మా పని తీరు ఒకటి చెప్పాలి. కార్డు చేయడమంటే కొత్తగా మొదలుపెట్టడం కాదు. పాత కార్డు ఫైలు తెరిచి, దాని మీదే కొత్త పేర్లు కొట్టడం. బోర్డరు అదే ఉంటుంది, శ్రీరస్తు శుభమస్తు అదే ఉంటుంది, బంధుమిత్రుల అభినందనలతో అన్నదీ అదే. పెళ్లికొడుకు, పెళ్లికూతురు, ఊరు, ముహూర్తం మారతాయి. కరీంనగర్‌లో అందరూ అట్లాగే చేసేవాళ్లు. అయితే చావు కార్డు దగ్గర మాత్రం మేడం ఒప్పుకునేవారు కాదు. దశదిన కర్మ అయినా, చర్చివాళ్ల జ్ఞాపకార్థ కూడిక అయినా తెల్లకాగితం మీద, అంటే ఖాళీ ఫైలులో, మొదటి నుంచి కొట్టాల్సిందే. అచ్చయ్యాక ఫైలు తుడిచేయాల్సిందే. "చచ్చినోళ్లు మిషిన్ల ఉండొద్దు" అనేవారు. కార్డుల కోసం వచ్చేవాళ్లకు ఈ పద్ధతి మహా ఇష్టం. తమ బిడ్డ పెళ్లి కార్డు ఎవరి చావు మీదా కొట్టింది కాదని వాళ్లకు నమ్మకం. మేడం క్రైస్తవురాలైనా లగ్నపత్రిక మొదలు శుభలేఖ దాకా జనం ఆమె దగ్గరికే వచ్చేది అందుకే.

ఒకసారి మంథని నుంచి ఒకాయన వచ్చి, "నా పెండ్లి కార్డు లెక్కనే మా తమ్మునిది గూడ గావాలె" అన్నాడు. నేను ఫ్లాపీలన్నీ ఒక్కొక్కటీ వేసి చూస్తూ చెమటలు పట్టిపోయాను. అప్పట్లో ఫైలు పేరంటే ఇంగ్లీషులో చిన్న ముక్క, ఏ ముక్క పెట్టానో నాకే గుర్తుండేది కాదు. మేడం కళ్లు మూసుకుని, ఫ్లాపీలు దాచే బిస్కెట్ల డబ్బాలో చెయ్యి పెట్టి ఒక ఫ్లాపీ తీసి ఇచ్చారు. అదే. తప్పు ఫ్లాపీ తీసిన రోజులూ ఉన్నాయి లెండి, అప్పుడు తప్పు ఫ్లాపీది. ఆ మంథని ఆయన వెళ్లాక నేను ఉండబట్టలేక, "వెతికి పెట్టే ప్రోగ్రామ్ వచ్చిందంట మేడం. పేరు కొడితే సాలు, ఏడున్నా చూపెడతదంట. రిపేరుకొచ్చే మెకానిక్‌ను అడుగుదమా?" అన్నాను.

"మన ఇంట్ల మనం పెట్టుకున్నది మనమే దేవులాడుకునుడేంది పద్మా?"

"మర్చిపోతం గద మేడం."

"మర్చిపోయింది దొరికితే దాన్నేం జేసుకుంటవ్? ఇంకో సంగతి యాదుంచుకో. దేవులాడితే నువ్వు అడిగింది ఒక్కటే రాదు."

నేను మొండిదాన్ని. మెకానిక్ ఈసారి వచ్చినప్పుడు అడిగి ఆ ప్రోగ్రామ్ ఫ్లాపీ సంపాదించాను. మేడం చర్చికి వెళ్లిన ఒక ఆదివారం పొద్దున వేసి చూశాను. వెతకడం బాగానే ఉంది. దాంతోపాటు అందులో ఇంకో పని కూడా ఉంది, తుడిచేసిన ఫైళ్లను చూపించడం. మెకానిక్ ముందే చెప్పాడు, ఫైలు తుడిస్తే మిషన్ నిజంగా తుడవదట. పేరులో మొదటి అక్షరం ఒక్కటి తీసేసి, ఆ చోటు ఖాళీ అని రాసుకుంటుందట. ఇంకేదైనా వచ్చి ఆ చోట కూర్చునేదాకా లోపలిది లోపలే ఉంటుందట. నేను మీట నొక్కాను. నల్లటి తెర మీద తెల్లగా పేర్లు దిగడం మొదలైంది. ప్రతి పేరుకూ ముందు ఒక ప్రశ్నార్థకం. రాజయ్యకు ఆర్ లేదు. మల్లమ్మకు ఎమ్ లేదు. మేమిద్దరం తెల్లకాగితం మీద కొట్టి, అచ్చు తీసి, తుడిచేసిన మనుషులంతా, మొదటి అక్షరం ఊడిపోయి, వరసగా పైకి వస్తున్నారు. పట్టపగలు. బయట గల్లీలో పిల్లలు గోలీలాడుతున్నారు.

వెనక చప్పుడైతే తిరిగి చూశాను. మేడం బైబిలు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఎప్పుడు వచ్చారో తెలియదు. తిడతారనుకున్నాను. ఆమె తెర వైపే చూస్తూ, "వీళ్లంత ఈడనే ఉన్నరా?" అన్నారు. నేను నాకున్న తెలివంతా చూపిస్తూ వివరించాను, మొదటి అక్షరం ఒక్కటి చెప్తే చాలు, ఫైలు మళ్లీ వస్తుందని.

"ఎవరు చెప్పినా లేస్తరా?"

"ఎవరు చెప్పినా లేస్తరు మేడం."

ఆమె గొంతు బాగా తగ్గిపోయింది. "బంద్ చెయ్ బిడ్డా" అన్నారు.

ఆ తర్వాత నుంచి మేడం మారిపోయారు. ఏనాడూ దేవులాడని మనిషి దేవులాడడం మొదలుపెట్టారు. నేను పొద్దున బస్సు దిగి వచ్చేసరికి సొరుగులన్నీ తెరిచి ఉండేవి, బిస్కెట్ల డబ్బాలో ఫ్లాపీలు తలకిందులుగా ఉండేవి. "ఏం దేవులాడుతున్నరు మేడం?" అని రోజూ అడిగేదాన్ని. తర్వాత ఒకరోజు, "శాంత కార్డు" అన్నారు. అప్పటికే ఆమె పాత స్టూడెంట్ల పేర్లు చెప్పడంలో తడబడుతున్నారు, ఒకరిని చూసి ఇంకొకరనుకుంటున్నారు. కూతురు పోయిందన్న సంగతే మర్చిపోయి పెళ్లి కార్డు వెతుకుతున్నారని అనుకున్నాను. చుట్టుపక్కల వాళ్లూ అదే అనుకున్నారు. ఏది ఎక్కడుందో వేళ్లకు తెలిసిన మనిషి అట్లా సొరుగుల్లో చేతులు పెట్టి తడుముకుంటుంటే చూడలేకపోయాను. ఆమె బుద్ధి నిలబెట్టాలి, కానీ బిడ్డ చావు మళ్లీ గుర్తు చేయకూడదు. ఈ రెంటి మధ్య నాకు ఏమీ తోచేది కాదు.

సాయంత్రాలు ఇంకా కష్టంగా ఉండేవి. మా వైపు పొద్దుమూకే వేళకు కరెంటు పోవడం మామూలే. తెర ఆరిపోయి గదిలో మసక కమ్మగానే మేడం పక్కనున్న ఇనుప కుర్చీ వైపు తిరిగి, ఏదో వింటున్నట్టు తల కొంచెం వంచేవారు. "ఆగు, దొరుకుతది" అని మెల్లగా అనేవారు. నేను ఇంటికి పోయే ముందు ఆ కుర్చీని గోడకు ఆనించి పోయేదాన్ని. పొద్దున వచ్చేసరికి అది మిషన్ పక్కకు జరిగి ఉండేది. దుకాణం వెనకింట్లో ఉండే మేడమే జరిపి ఉంటారు, అంతేగా. ఒకసారి ఆమె చుట్టాల ఇంటికి ఆదిలాబాద్ వెళ్లారు. ఆ సాయంత్రం నేనే తాళం వేసి చెవి నా సంచిలో పెట్టుకుని పోయాను. పొద్దున నేనే తీశాను. కుర్చీ మిషన్ పక్కన ఉంది, ఎవరో కూర్చుని ఇప్పుడే లేచినట్టు కాస్త పక్కకు తిరిగి ఉంది. ముందురోజు ఊడ్చే మనిషి జరిపిందేమో, నేను గోడకు ఆనించడం మర్చిపోయానేమో అని సర్దిచెప్పుకున్నాను. ఊడ్చే మనిషి అంతకుముందు రోజు అసలు రాలేదని మధ్యాహ్నం అన్నం తింటుంటే గుర్తొచ్చింది. అన్నం గిన్నె పట్టుకుని బయట గల్లీలోకి వచ్చి తిన్నాను.

మేడం తిరిగొచ్చాక నేను ఇంక ఆగలేదు. ఒక వానాకాలం మధ్యాహ్నం గిరాకీ లేని వేళ మెకానిక్ ఇచ్చిన ఫ్లాపీ మళ్లీ వేశాను. మిషన్‌లో శాంత పేరుతో ఒక అర, అంటే ఫోల్డరు, ఉండేది. అందులో ఎవరమూ ఏమీ పెట్టేవాళ్లం కాదు, తెరిస్తే ఖాళీగా కనిపించేది. ఆ ఖాళీలో తుడిచినవేమున్నాయని అడిగాను. రెండు వచ్చాయి. రెండింటికీ శాంత పేరే, రెండింటికీ ముందు ఎస్ బదులు ప్రశ్నార్థకమే. ఒకటి కార్డు, ఇంకొకటి దాని పాత నకలు. ఏదైనా ఫైలు మీద కొత్తది కొడితే అంతకుముందున్నది ఆ మిషన్ తనంతట తనే పక్కన దాచుకునేది. నాకు సంగతి అర్థమైంది. శాంత పెళ్లి కార్డు మీదే ఎవరో తర్వాత ఇంకో కార్డు కొట్టారు. ఆ కొట్టింది మేడమేనని కూడా అర్థమైంది. నేను పాత నకలు ఒక్కదానికే ఎస్ అక్షరం చెప్పాను. మల్లెతీగ బోర్డరు, మధ్యలో 'పరిశుద్ధ వివాహ ఆహ్వానము', కింద శాంత పేరు. మేడంను పిలిచి, "దొరికింది మేడం, చూడుండ్రి" అన్నాను. నవ్వు మొహం పెట్టాను కూడా.

మేడం వచ్చి తెర మీద మల్లెతీగను వేలితో తడిమారు. తర్వాత, "ఇది గాదు. దీని మీద కొట్టిన ఇంకోటున్నది. గా కార్డు తియ్" అన్నారు.

"అదెందుకు మేడం? ఇది మంచిగున్నది గద, ప్రింటు తీసిస్త."

"పెండ్లి కార్డుతోని నాకేం పని బిడ్డా? పెండ్లి గాలేదు గద." ఆమె నా వైపు సూటిగా చూశారు. ఆ చూపులో మరుపేమీ లేదు. "నాకు మతి పోయిందనుకున్నవా?"

నేను రెండోదానికి ఎస్ కొట్టాను. అదే మల్లెతీగ. అదే చర్చి, అదే పాస్టరు పేరు. వివాహం ఉన్నచోట జ్ఞాపకార్థ కూడిక అని ఉంది. 'ప్రభువునందు నిద్రించిన మా కుమార్తె శాంత' అని ఉంది. నా కళ్లు ఒక్కో వరసా దిగి అట్టడుగుకు వచ్చి ఆగిపోయాయి. అక్కడ పెళ్లి కార్డులోని చివరి వాక్యం ఎవరూ ముట్టుకోకుండా అట్లాగే ఉంది. 'మీ రాక మాకెంతో సంతోషం.'

"పెండ్లికి పిలిచినోళ్లనే మళ్ల పిలవాలె గద," అన్నారు మేడం, తెర మీంచి కళ్లు తీయకుండా. "కొత్తది కొట్టే ఓపిక లేకుండె. దాని మీదనే మార్చుకుంట పోయిన. కింద ముక్క చూడలే. పంచినంక చూసిన. సంఘమంత చదివిండ్రు, ఒక్కరు గూడ నన్ను అడుగలే. దొరికిన కాయిదాలన్ని కాలబెట్టిన. మిషిన్ల తుడిచిన. అయిపోయిందనుకున్న." ఆమె పక్క కుర్చీ వైపు చూశారు. "గని అది వస్తది పద్మా. పొద్దుమూకినంక వచ్చి గా కుర్సీల కూసుంటది. ఏడ్వదు, ఏమడుగదు. పిలిస్తే వచ్చినట్టు కూసుంటది. పిలిచింది నేనే గద. తుడిచినంక గూడ ఎందుకొస్తదా అని పరేషాన్ అయ్యేదాన్ని. గా ఆదివారం నువ్వే చూపెట్టినవ్, తుడిస్తే పోదని. గందుకే దేవులాడిన. గా ఒక్క ముక్క తీసేస్తే అది నిమ్మలంగ పోతది."

నేను లేచి నా కుర్చీ ఆమెకిచ్చాను. మేడం కూర్చుని, చివరి వాక్యం చివరకు వెళ్లి, తుడిచే మీట మీద వేలు పెట్టారు. బయట వాన తగ్గింది, కిటికీలో వెలుతురు కూడా తగ్గుతోంది. ఆమె వేలు మీట మీద ఉంది కానీ నొక్కడం లేదు. అప్పుడు నా వెనక ఇనుము గచ్చు మీద జరిగిన సన్నని చప్పుడు విన్నాను. ప్రమాణం చేసి చెప్పమంటే చెప్పలేను, కానీ విన్నాను. నేను తిరగలేదు. మేడం తిరిగారు. ఆ కుర్చీ వైపు చూస్తుంటే ఆమె మొహం మెల్లమెల్లగా సడలింది. అంత మెత్తటి మొహం ఆమెకు ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. వేలు మీట మీంచి తీసేశారు.

"ఉండనీ" అన్నారు.

"ఏంది మేడం?"

"గా ముక్క ఉండనీ బిడ్డా. రానీ దాన్ని."

ఆ తర్వాత ఆమె ఏ సొరుగూ తెరవలేదు, ఏదీ దేవులాడలేదు. సాయంత్రం కరెంటు పోతే చేతులు ఒళ్లో పెట్టుకుని హాయిగా కూర్చునేవారు. నాకు భయం పూర్తిగా పోయిందని చెప్పను. పొద్దుమూకితే సంచి సర్దుకుని బస్టాండుకు పరిగెత్తేదాన్ని. కానీ కుర్చీని గోడకు ఆనించడం మానేశాను. కొన్నేళ్లకు మేడం దుకాణం నా చేతికిచ్చారు, ఇంకొన్నాళ్లకు ఒక చలికాలం పొద్దున నిద్రలోనే పోయారు. కూడిక కార్డు నేనే చేశాను, ఆమె పద్ధతి ప్రకారం తెల్లకాగితం మీద, మొదటి అక్షరం నుంచి. చూసుకోమని పాస్టరుగారికి ఇస్తే ఆయన అట్టడుగున వేలు పెట్టి, "ఈ వాక్యం పెళ్లి కార్డులోంచి పొరపాటున ఉండిపోయినట్టుందమ్మా" అన్నారు. "పొరపాటు కాదండి, నేనే కొట్టాను" అన్నాను. ఆయన నా మొహం చూసి కార్డు తిరిగి నా చేతికిచ్చారు.

నాతో పనిచేసేవాళ్లు అడుగుతుంటారు, సొంత కంప్యూటర్‌లో సొంత ఫైళ్లకు వెతికే సాధనం అవసరమా అని. అవసరమే. నేను రోజూ వాడతాను, అది లేకపోతే నా దుకాణం ఒక పూట నడవదు. మనుషులం మర్చిపోయేవాళ్లం, దాచుకున్నది దొరక్కపోతే అల్లాడిపోతాం. కానీ పేరు కొట్టే ముందు ఒక్క క్షణం కళ్లు మూసుకుంటాను, నేను అడగనిది కూడా వస్తుందని నాకు తెలుసు కనుక. మిషన్లు ఎన్ని మార్చానో, శాంతదీ మేడందీ, ఆ రెండు కూడిక కార్డులు మాత్రం ఒకదాన్నుంచి ఇంకోదానికి నాతోపాటే వచ్చాయి. చివరి వాక్యం రెండింట్లోనూ ఉంది. వాటి కోసం నేను ఎన్నడూ వెతకలేదు, అవెక్కడున్నాయో వేళ్లకు తెలుసు. మిషన్ పక్కన ఇప్పుడు ఇనుప కుర్చీలు రెండు ఉంటాయి. సాయంత్రం దుకాణంలో లైటు వేసేటప్పుడు వాటి మీద సంచి గానీ కాగితాలు గానీ ఉంటే తీసి పక్కన పెడతాను.